దూకడానికే తీయించుకున్నాను

మా బొమ్మనహళ్ళి వీధిలో ఆడవాళ్ళు గర్భసంచి తీయించుకునేది కాస్త నిమ్మళంగా బతకొచ్చని. నేను తీయించుకున్నది లాంగ్ జంప్ కోసం. ఈ ముక్క మా ఇంటాయనకు కూడా సరిగ్గా తెలీదు. ఆడది నలభై దాటినాక దూకాలనుకోవడమే ఒక విడ్డూరం, దానికోసం కడుపు కోయించుకుందంటే పిచ్చాసుపత్రికి దారి చూపిస్తారు.

మాది అనంతపురం పక్క. హైస్కూల్లో ఉన్నప్పుడే ఇసకలో దూకేదాంట్లో నాకు ఎదురు లేదు. అది చూసే బెంగుళూరులో ఒక సర్కారు ఫ్యాక్టరీ వాళ్ళు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగమిచ్చినారు. అసెంబ్లీ సెక్షన్లో సన్నతీగలు అతికే పని. పని పేరుకే, వాళ్ళకు కావాల్సింది మెడల్స్. నాలుగేండ్లు తెచ్చిచ్చినాను. తర్వాత పెండ్లి, పాప, బాబు. గ్రౌండు ఎట్ల పోయిందో కూడా తెలీలేదు. ఎవురూ వద్దనలే, ఎవురూ రమ్మనలే. తీగలు అతుక్కుంటా కూచున్నాను.

తొంభైల మొదట్లో ఒకరోజు మా సెక్షన్లోనే పనిచేసే ఆనేకల్ ఆమె టిఫిన్ డబ్బా తెరస్తా చెప్పింది. ముత్తాతల కాలం నుంచీ ఆనేకల్లోనే ఉండే తెలుగోళ్ళు వాళ్ళు. తెలుగులో సగం కన్నడ కలుస్తాది. ఆమె కూడా నా మాదిరే దూకి ఉద్యోగం తెచ్చుకున్నామె.

"ముప్పై ఐదు దాటినోళ్ళకు వేరేగా మీట్ పెడతారంటప్పా. హెంగసరికి, ఆడోళ్ళకు కూడా ఉండాదంట. పోదామా?"

"నీకేమన్నా పిచ్చా? ఈ పొట్టేసుకోని యాడ దూకేది?"

"పొట్ట అందరికీ ఉంటాది. పొట్టతోనే దూకుదాం."

అంత తేలిగ్గా అనేసింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. మర్సటి రోజు చీకటుండంగానే ఫస్ట్ బస్సెక్కి ఫ్యాక్టరీ గ్రౌండుకు పోయినాను. స్టోర్ రూములో చీర విప్పి, నిక్కరేసుకోని బయటికొచ్చినాను. పెండ్లయినప్పటి నుంచి నా మోకాళ్ళు ఎండ చూసింది లేదు. తెల్లగా, బెదురుబెదురుగా ఉండాయి పాపం.

మొదటి నెలంతా ఒళ్ళు పులిసిపోయింది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేదాన్ని. మా ఇంటాయన ఒక ప్రైవేటు షెడ్డులో లేత్ మిషను మీద పనిచేసేవాడు. "ఈ వయసులో ఎగిరి ఎవుర్ని పట్టుకోవల్లే?" అని ఎగతాళి చేసేవాడు. చేస్తానే నా కోసం రాత్రి శనక్కాయలు నానబెట్టేవాడు. మనిషి మాట ఒకటి, చెయ్యి ఒకటి. వీధిలో అయితే అడక్కండి. "తెల్లారకముందే ఎవురో తరిమినట్టు పోతాది" అని నీళ్ళ కొళాయి దగ్గర ఒకటే గుసగుసలు. పోనీ, వాళ్ళ నోళ్ళు వాళ్ళవి.

ఆరునెల్లకు ఒంట్లో ఏదో తిరిగొచ్చింది. పరిగెత్తుకుంటా వచ్చి, ఎడమకాలు సరిగ్గా ఇసక ముందర పాతిన తెల్లపలక మీద పడి, టప్పున పైకి లేస్తే... ఆ గాల్లో ఉండే రవ్వంత సేపు నేను ఎవురి పెండ్లాన్నీ కాదు, ఎవురి అమ్మనూ కాదు, ఏ సెక్షన్లో నంబరునూ కాదు. ఒట్టి నేను. అట్లాంటి సుఖం నాకు ఇంగ దేంట్లోనూ దొరకలే. ఉన్నదున్నట్టు చెప్తాండాను.

మీట్‌లో నేను ఫస్ట్, ఆనేకల్ ఆమె సెకండ్. మర్సటేడూ అంతే. "నీ ఎనకాల నిలబడేది నా నొసట రాసిపెట్టినాడప్పా దేవుడు" అని నవ్వేది. ఏడుపుండేది కాదు ఆమెలో. నాకే అనుమానం, ఎప్పుడో ఒకరోజు దాటేస్తుందని, ఇంకా గట్టిగా చేసేదాన్ని.

నలభై దాటినాక ముట్టు తలకిందులయింది. వస్తే పదిదినాలు పోయేది కాదు. గడ్డలున్నాయన్నారు. అతికే బల్ల దగ్గర్నుంచి లేస్తే స్టూలు చూసుకోవల్సి వచ్చేది. అది ఎట్లో ఓర్చుకుంటిని. కానీ మీట్ తేదీ దానికి తెలీదు కదా. ఒక ఏడు సరిగ్గా మీట్ పొద్దునే వచ్చింది. ఎన్ని గుడ్డలు పెట్టుకున్నా భయం. పరుగు మొదలుపెట్టినాక పలక మీద ధ్యాస లేదు, ఎనక ఎవురు చూస్తాండారో అనే ధ్యాస. మూడు దూకుళ్ళూ ఫౌల్. ఆ ఏడు ఆనేకల్ ఆమె ఫస్ట్ వచ్చింది.

ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో ఒక పెద్ద డాక్టరమ్మ ఉండేది. మాత్రలు రాసి, "కొన్నేండ్లు ఓపిక పట్టు, దానంతటదే నిలిచిపోతాది. తొందరపడొద్దు" అనింది. కొన్నేండ్లంట! కొన్నేండ్లయితే నాకు యాభై వస్తాది. నా దగ్గర ఉండేదే ఆ కొన్నేండ్లు.

మా తోడికోడలు, అంటే మా ఇంటాయన వాళ్ళన్న పెండ్లాము, పక్క సందులోనే ఉండేది. గార్మెంట్స్‌లో చెకింగ్ పని. నేను అక్కా అని పిల్చేదాన్ని. వాళ్ళ ఫ్యాక్టరీలో లైన్ వదిలి బాత్రూంకు పోవాలంటే సూపర్‌వైజరు మొహం చూడాల. ముట్టు దినాల్లో ఆ ఆడోళ్ళ బాధ పగోళ్ళకు కూడా వద్దు. అందుకని వాళ్ళ లైన్లో ఒకరిని చూసి ఒకరు నర్సింగ్‌హోముకు పోయి తీయించుకునేవాళ్ళు. ఊర్లోనూ అంతే, మా సీమలో ముప్పై ఐదుకే తీయించుకున్నోళ్ళు ఇంటికొకరుండారు. మా అక్క తీయించుకోని రెండేండ్లయింది. నా అవస్థ చూసి చెవిలో ఇల్లు కట్టుకోని పోరింది.

"బిడ్డలిద్దరూ అయిపోయిరి. ఇంగా ఆ సంచితో ఏం పని నీకు? తీసి పారేయించు. నీ ఎగురుళ్ళు నువ్వు ఎగురుకోవచ్చు, ఏ దినమైనా."

ఏ దినమైనా! ఆ ఒక్క మాట నాకు తేనె మాదిరి తగిలింది. ఆమె నా మంచికే చెప్పింది, అందులో అబద్ధం లేదు. ఆమెకు బాత్రూం బాధ తప్పింది, నాకు మీట్ బాధ తప్పుతాదనుకుంది. ఆమెకు తెలిసిన లోకంలో అది సరైన సలహానే.

నర్సింగ్‌హోములో డాక్టరు బొమ్మ గీసి చూపించినాడు. "సంచితో పాటు ఇవి రెండూ తీసేద్దాం, రేపు క్యాన్సర్ భయం కూడా ఉండదు" అన్నాడు. ఆ రెండూ ఏమి, ఒంట్లో ఏ పని చేస్తాయి అని నేను అడగలే. నేనడిగింది ఒకటే: "మళ్ళీ ఎప్పుడు పరిగెత్తొచ్చు?" ఆయన నవ్వినాడు. ఇట్లాంటి ప్రశ్న ఆయన్ను ఎవురూ అడిగుండరు. "ఆర్నెల్లు" అన్నాడు.

ఇంటికొచ్చినాక వీధి వీధంతా బ్రెడ్డూ, ఆపిల్లూ పట్టుకోని వచ్చింది. తెల్లారకముందే తరిమినట్టు పోతాదన్న ఆ నోళ్ళే, "బతికిపోయినావు తల్లీ" అన్నాయి. నేను కూడా వాళ్ళలో కలిసిపోయినాననే సంతోషం వాళ్ళ మొహాల్లో. మా అక్క ఎల్లిగడ్డ కారం నూరి, వేడన్నంలో కలిపి పెట్టి, కడుపుకు గుడ్డ గట్టిగా చుట్టి కట్టింది. నేను మంచం మీద పడుకోని దినాలు లెక్కబెట్టుకుంటా ఉంటిని. పిచ్చిదాన్ని, ఎంత ఆశో నాకు.

తిరిగి గ్రౌండుకు పోయినాను. ఒళ్ళు నాది కాదు. అప్పుడప్పుడూ ఉన్నట్టుండి లోపల్నుంచి ఆవిరి లేసి, మెడంతా తడిసిపోయేది. తిండి అదే, నడుముకు మాత్రం టైరు వచ్చి చేరింది. మోకాళ్ళు రాత్రిపూట సలుపు. పరుగులో అంగ పొట్టిదైపోయింది, ఎంత సరిచేసుకున్నా పలక అందేది కాదు. అయినా పట్టుబట్టి చేసినాను. ఆరునెల్లన్నాడు కదా, ఏడాది పడుతుందేమో, రెండేండ్లు పడుతుందేమో, వస్తాది అనుకున్నాను. రాకుండా యాడికి పోతాది?

తర్వాత ఇంకొకటి మొదలయింది. దగ్గితే, తుమ్మితే, గట్టిగా నవ్వితే చుక్క ఒంటేలు పడేది. దూకి ఇసకలో పడితే చుక్క కాదు, ఎక్కువే. ఛీ అనిపించింది. చంటిబిడ్డనా నేను? ఎవురికి చెప్పేది? మొగుడికా? గ్రౌండులో ఉండే కోచ్‌కా? తీయించుకోమన్న అక్కకు చెప్తే, నీకే ఏదో తేడా అంటాది. డాక్టరమ్మ దగ్గరికి పోదామంటే, వద్దన్న పని చేసొచ్చి ఇప్పుడు ఏ మొహంతో పోయేది? ఉపాయం నేనే కనిపెట్టినాను: ప్రాక్టీసు దినాల్లో రాత్రి నుంచే నీళ్ళు తాగడం మానేసినాను. నాలుక పిడచకట్టుకోని పోయేది. పిక్కలు పట్టేసేవి. ఆనేకల్ ఆమె సీసా అందిస్తే, "ఇప్పుడే తాగినా" అని అబద్ధమాడేదాన్ని.

ఆ ఏడు మీట్‌కు పోయినాను. యూనిఫారం నిక్కరు లేత నీలం రంగు. వద్దు, నల్లది కావాలని ఎట్ల అడిగేది, ఎందుకని అడగరూ? మొదటి రెండు దూకుళ్ళు జాగ్రత్తగా, సగం బలంతో దూకినాను. నాలుగో స్థానం. చివరి దూకుడుకు నిలబడినప్పుడు నాకు రోషమొచ్చింది. నా రోషం సంగతి మా ఇంట్లో గోడలకు కూడా తెలుసు. ఏమైతే అదయిందని బలమంతా పెట్టి పరిగెత్తినాను. పలక అందింది! తీయించుకున్నాక మొట్టమొదటిసారి అందింది. పైకి లేసినాను. ఆ గాల్లో రవ్వంత సేపు, అంతే, మళ్ళీ నేను. పడ్డాను.

వెచ్చగా కారిపోయింది. ఆగలే. కూచున్న చోట్నే చూసుకున్నాను, నీలం నిక్కరు నల్లగా తడిసి, దానికి ఇసక అంటుకోనుండాది. పక్కన టేపు పట్టుకోని ఇద్దరు మొగోళ్ళు. ఇసక చదును చేసేవాడు కర్ర పట్టుకోని నేను లేసేదానికి చూస్తాండాడు. లేస్తే అందరికీ కనపడతాది. ఏం చేయాలో తోచక, "అమ్మా, మడమ!" అని అరిసి, రెండు చేతుల్తో కాలు పట్టుకోని, ఇసకంతా ఒళ్ళోకి లాక్కున్నాను. అందరూ ఉరికొచ్చినారు. చూడ్డానికొచ్చిన మా ఇంటాయన తుండుగుడ్డ తెచ్చి నడుము మీద కప్పి, ఎత్తుకున్నంత పని చేసి ఆటోలో పడేసినాడు. ఆయనకు తెలిసిందో లేదో ఈరోజుకీ నాకు తెలీదు. ఆయన అడగలే. నేను చెప్పలే.

అబద్ధమాడినాక దాన్ని సాకాల కదా. ఏ నొప్పీ లేని కాలికి కట్టు కట్టుకోని నెలన్నర కుంటినాను. ఆనేకల్ ఆమె వాళ్ళ ఊర్లో ఎవురో కట్లు కట్టేటాయన దగ్గర్నుంచి నూనె తెచ్చి, నా గడపలో కూచోని, నా మడమకు తానే రుద్దింది. "ఇక్కడనా? ఇక్కడనా?" అని అడగతా. నేను ఆ, ఆ అంటా ఉంటిని. ఆ నూనె కంపు గుర్తొస్తే ఇప్పుడు కూడా నాకు తల దించుకోవాలనిపిస్తాది.

"కాలు కుదిరినాక రాప్పా" అంటానే ఉండె ఆమె. ఏడాదికి అడగడం తగ్గించింది. తర్వాత మానేసింది. నేను నిక్కరును నేల తుడిచేదానికి వేసినాను. బీరువాలో పెట్టుకోని చూసి ఏడ్చే రకం కాదు నేను. పోయిందంటే పోయింది. అట్ల అనుకుంటే పోతాదనుకున్నాను, పోలే. పొద్దున మెలకువ మాత్రం ఫస్ట్ బస్సు టయానికే వచ్చేది. లేసి చేసేదేముంది? మంచం మీద పైకప్పు చూస్తా, మా ఇంటాయన గురక వింటా పడుకునేదాన్ని. ఒళ్ళు అట్లే పెరిగింది. నలభై అయిదుకే మెట్ల దగ్గర ఆయాసం. అద్దంలో చూసుకుంటే మా అమ్మ కనపడేది, మా అమ్మ చచ్చిపోయేనాటి మొహం.

రెండువేలు దాటినాయి. ఫ్యాక్టరీ వాళ్ళు ముందుగా రిటైరు చేస్తామంటే తలూపి వచ్చేసినాను. ఇంట్లో బాత్రూం గడప దగ్గర జారి, చెయ్యి ఆనించినందుకే మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు ఫోటోలు తీయించి, ఎప్పుడు ఆపరేషన్ అయిందని అడిగి, నా వయసు లెక్కేసుకోని తల పట్టుకున్నాడు.

"అంత చిన్న వయసులో అండాశయాలు కూడా ఎందుకు తీయించుకున్నారమ్మా? ఎముకకు బలమిచ్చేదే అవి. ఇప్పుడు మీ ఎముకలు బొరుగుల మాదిరి ఉండాయి. నిదానంగా నడవండి చాలు. ఎగరడం, దూకడం పొరపాటున కూడా వద్దు."

నేను దూకేదాన్నని ఆయనకు తెలీదు. ముసలోళ్ళందరికీ చెప్పే మాటే నాకూ చెప్పినాడు. మా ఇంటాయన నన్నోసారి చూసి కిటికీ పక్క తిరుక్కున్నాడు. దూకడానికని తీయించుకున్నవే దూకనిచ్చేవంట. ఇంతకంటే ఏం చెప్పాల? కొరివితో తల గోక్కున్నాను, అంతే.

తర్వాత కొన్నేండ్లకు వైట్‌ఫీల్డ్ పక్క ఒక స్కూలు గ్రౌండులో వెటరన్స్ మీట్ పెట్టినారు. జంప్ దగ్గర కొలిచేదానికి పాత ఆటగత్తె ఎవురన్నా కావాలని నన్ను రమ్మన్నారు. వద్దనే అనుకున్నాను. మా ఇంటాయనే, "ఇంట్లో కూచోని గోడలతో కొట్లాడేదానికంటే మేలు, పో" అని తోలినాడు. సాఫ్ట్‌వేర్ పిల్లోళ్ళు రంగురంగుల బూట్లేసుకోని ట్రాకు చుట్టూ ఉరుకుతాండారు. ముప్పై ఐదుకే వెటరన్లంట వాళ్ళు. నాకు కుర్చీ వేసినారు, టోపీ ఇచ్చినారు.

యాభై ఐదు దాటిన ఆడోళ్ళ జంపులో ఆనేకల్ ఆమె ఉండాది. జుట్టు సగం తెల్లబడింది, కాళ్ళు మాత్రం నరాలు తేలి గట్టిగా ఉండాయి. నన్ను చూసి పరిగెత్తుకుంటా వచ్చి వాటేసుకుంది. రెండు దూకుళ్ళు అయినాక, ఎండకు నా కుర్చీ నీడన వచ్చి నేల మీద కూచోని, సీసాడు నీళ్ళు గటగటా తాగింది. నేను ఆ నీళ్ళ పక్కే చూస్తాంటిని.

"మడమ ఎట్లుండాదప్పా ఇప్పుడు?" అనింది. ఇన్నేండ్ల తర్వాత కూడా అదే ప్రశ్న, అంతే అక్కరగా.

ఎందుకో మరి, ఆ రోజు అబద్ధం నోటికి రాలే. దాచుకోని ఇంగ చేసేదేముందని అనిపించిందో, ముసలితనమో. "నా మడమకు ఏమీ కాలేదు" అని చెప్పేసినాను. ఆపరేషన్ తర్వాత ఏం జరుగుతా ఉండిందో, ఆ రోజు ఇసకలో ఏం జరిగిందో, ఇసక ఎందుకు ఒళ్ళోకి లాక్కున్నానో, అంతా చెప్పినాను. చెప్పేటప్పుడు ఆమె మొహం చూడలే. టేపు చుట్టుకుంటా చెప్పినాను.

ఆమె సీసా మూత బిగించింది. తర్వాత, "దానికా మానేసినావు?" అనింది.

"దానికే."

"అయ్యో నీ... అది నాకు రెండో కాన్పు అయినప్పటి నుంచీ ఉండాది కదప్పా! ఫస్ట్ మీట్ నుంచీ గుడ్డ మడతపెట్టి కట్టుకోనే దూకతాండాను. పైన నల్లనిక్కరు. ఇప్పుడైతే అంగట్లో ప్యాడ్లొచ్చినాయి." తల తిప్పి, బూటు లేసులు కట్టుకుంటా ఉన్న ఆడోళ్ళను గడ్డంతో చూపించింది. "అదిగో ఆయమ్మకు ఉండాది. ఆ కళ్ళద్దాలామెకు ఉండాది. బిడ్డల్ని కన్నోళ్ళకు సగంమందికి ఉంటాది, తీయించుకున్నోళ్ళకు చెప్పే పనే లేదు. ఎవురు ఆగినారు?"

నా చెవుల్లో గుయ్యిమనింది.

"మరి నాకెందుకు చెప్పలేదే? పక్కపక్కనే బట్టలు మార్చుకుంటిమి కదే ఇద్దరం!"

"నువ్వు ఫస్ట్ వచ్చేదానివి. నీకు అట్లాంటివి ఉండవనుకున్నా," అనింది. "ఉంటే అడిగేదానివి కదా. అడిగింటే చెప్పనా?"

అంతలో ఆమెను పిలిచినారు. మోకాళ్ళ మీద చేతులాన్చి లేసి, నా భుజం ఒకసారి గట్టిగా పట్టుకోని, పోయి గీత దగ్గర నిలబడింది. పరిగెత్తింది, దూకింది, పడింది, లేసి ఒళ్ళు దులుపుకుంది. నేను వంగి టేపు పట్టినాను, కొలత చదివినాను. చుట్టూ చప్పట్లు.

నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది. ఆమె మీద కాదు, డాక్టరు మీద కాదు, మా అక్క మీద కూడా కాదు. ఎవురి మీదో చెప్పుకునేదానికి కూడా మనిషి లేడు. ఎముకలు పోయింది తర్వాత. అవి ఎట్లాగూ పోయేవే. కానీ దానికి ముందు నాకు కొన్ని మంచి ఏండ్లుండె. కాళ్ళలో బలముండె, పలక కూడా మళ్ళీ అందింది. ఆ ఏండ్లను నేను మంచం మీద పడుకోని, పైకప్పు చూస్తా, మడతపెట్టిన ఒక గుడ్డముక్క సంగతి తెలీక పోగొట్టుకున్నాను.